ఏ షిఫ్ట్ ఇష్టమని అడిగినవాళ్లు

నేను పాఠాలు చెప్పడం మానేసిన రోజు మా ఇన్‌స్టిట్యూట్‌లో చిన్న సభ పెట్టారు. ఓనర్ జనార్దన్ సార్ మైకు అందుకుని ఒక కథ చెప్పారు. కల్పన అనే లాల్‌దర్వాజా అమ్మాయి, పాలు అమ్ముకునే ఇంటి పిల్ల, ఉద్యోగం ఇంటర్వ్యూకి కూర్చుంది. ఏ షిఫ్ట్ ఇష్టమని అడిగారు. ఆ పిల్ల చక్కటి ఇంగ్లీషులో టకటకా జవాబు చెప్పింది. అడిగినవాళ్లు నోరెళ్లబెట్టి అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశారు. ఆ ఇంగ్లీషు నేర్పింది మన పద్మజ మేడమ్. ఇదీ కథ. జనం చప్పట్లు కొట్టారు. నా భుజాల మీద శాలువా పడింది.

కథ నన్ను పొగిడేదే, కాదనను. కానీ జరిగింది అది కాదు. ఆ రోజు కల్పనకు ఉద్యోగం రాలేదు. ఆ జవాబు చెప్పినందుకే రాలేదు. తర్వాత ఎలా వచ్చిందో, ఎవరి పుణ్యాన వచ్చిందో ఆ సభలో ఒక్కరూ అనలేదు. మైకు నాకు ఇస్తారేమో, రెండు ముక్కలు చెబుదామని చూశాను. శాలువా కప్పించుకున్న మనిషికి మైకు ఇవ్వరని అప్పుడు తెలిసింది. అందుకని రాస్తున్నాను.

స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది. ఎన్ని బ్యాచ్‌లు చెప్పానో, నన్ను ఎప్పుడు సీనియర్‌ని చేశారో మీకు అక్కర్లేదు. ఒక్క పాఠం గురించి చెబుతాను. పోలికలు, ఇష్టాలు. ఇది దానికన్నా బాగుంది, నాకు దానికన్నా ఇది ఇష్టం, అలా చేయడం కన్నా ఇలా చేయడమే నయం అని ఇంగ్లీషులో ఎలా అనాలో చెప్పే పాఠం. పుస్తకం మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందరూ తేలిక పాఠం అంటారు. ఇన్నేళ్లలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది అదే.

చాయ్, కాఫీ

మా క్లాసులు హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజాలో ఒక స్టీలు సామాన్ల దుకాణం పైన జరిగేవి. కింద గిన్నెలు మోగుతుంటే పైన మేం గొంతు పెంచి మాట్లాడేవాళ్లం. జహనుమా, ఫలక్‌నుమా, జల్‌పల్లి దాకా ఉన్న పిల్లలు వచ్చేవాళ్లు. డిగ్రీ చేతిలో ఉంటుంది, ఇంటర్వ్యూ అంటే వెనక్కి తగ్గుతారు.

పుస్తకంలో మొదటి ఉదాహరణ ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’. ఏ బ్యాచ్ అయినా ఇదే అప్పజెప్పేది. ఒక్కరూ కాఫీ వైపు ఉండేవాళ్లు కారు. నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అంటుంటారు. నిజమే, ఎక్కువే. ఇంతమందికి ఒకే ఇష్టం ఎలా ఉంటుందని ఒకరోజు ముందు బెంచీలో ఉన్న నస్రీన్‌ను పట్టుకున్నాను. జహనుమాలో వాళ్ల నాన్నది టైలరింగ్ దుకాణం. మాటకు మాట అప్పజెప్పే పిల్ల.

“మీ ఇంట్ల కాఫీ పెడతరా?”

“లేదు మేడమ్.”

“బయట ఎప్పుడన్నా తాగినవా?”

“ఒక్కసారి మా ఖాలా ఇంట్ల. జరమొచ్చినప్పుడు. దవా లెక్క ఉండె.”

“మరి కాఫీ కన్నా చాయ్ ఇష్టమని ఎట్ల చెప్పినవ్?”

“బుక్కుల ఉంది కదా మేడమ్. రేపు మీరు కాఫీయే మంచిగుంటదని చెప్పమంటే గట్లనే చెప్త. నాకేం ఫికర్?”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ రోజంతా ఆ మాట వదల్లేదు. తాగని కాఫీని పక్కన పెట్టుకుని చాయ్ ఇష్టమని చెప్పడం ఇష్టం ఎలా అవుతుంది? అప్పగింత అవుతుంది. వ్యాకరణం ఎక్కడా తప్పలేదు. లోపల మనిషి మాత్రం లేదు.

మర్నాడు పుస్తకం మూసేశాను. ఫలక్‌నుమా నుంచి చార్మినార్ పోవాలంటే బస్సు మేలా, షేర్ ఆటో మేలా అని అడిగాను. ఇక చూడండి లొల్లి. బస్సు ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి అని ఒకరు, ఆటోలో ఎవడి పక్కన కూర్చోవాలో మీకు తెలుసా అని ఒకరు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు, మధ్యలో ఉర్దూ. వాక్యాలు విరిగిపోయాయి. అయినా ప్రతి ఒక్కరికీ చెప్పడానికి ఒక కారణం ఉంది. విరిగిన వాక్యాన్ని నేను అతికించగలను. లేని కారణాన్ని తెచ్చివ్వలేను. కొత్తగా వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. మీ క్లాసులో అందరూ ఒకే జవాబు చెబుతున్నారంటే మురిసిపోకండి, అనుమానించండి.

ఎవరు తెల్లగా ఉన్నారు

నాకన్నా ముందు ఈ పాఠం చెప్పినాయన ఇద్దరు అమ్మాయిలను పక్కపక్కన నిలబెట్టి, ఎవరు పొడుగు, ఎవరు తెలుపు అని క్లాసును అడిగేవారట. పుస్తకంలో బొమ్మలు అలాగే ఉంటాయి, ఆయన వాటికి ప్రాణం పోశారు. నల్లగా ఉందనిపించుకున్న పిల్ల మళ్లీ రాలేదు. ‘ఈ కాలం పిల్లలు సున్నితం’ అన్నారట ఆయన. ఆయన గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది. ఇక్కడ రాయను.

మనుషులను మనుషులతో పోల్చే వాక్యం నా క్లాసులో నేను ఎన్నడూ అనిపించలేదు. ఎందుకంటే ఆ పాఠం వాళ్లకు ఇంట్లో అయిపోయి ఉంటుంది. నస్రీన్ ఒకసారి చెప్పింది, “మేడమ్, మా అమ్మీకి గ్రామర్ రాదు. కానీ కంపారిజన్ పొద్దుగాల లేవంగనే షురూ చేస్తది. పక్కింటి ఆయేషా నాకన్నా మంచిగ వండుతది, నాకన్నా జల్ది లేస్తది, నాకన్నా తక్వ మాట్లాడుతది.”

పోలిక అంటే ఈ పిల్లల మీద ఎవరో చేసేది. ఇష్టం అంటే వాళ్లు నోరు తెరిచి చెప్పాల్సింది. మొదటిది చిన్నప్పటి నుంచి వింటూ పెరిగారు. రెండోది అసలు అలవాటే లేదు. ఇంటర్‌లో ఏ గ్రూపు అన్నది నాన్న తేలుస్తాడు, ఫీజు కట్టి వచ్చాక ‘నీకిష్టమే కదా’ అంటాడు. చీర కొనుక్కొచ్చి చేతిలో పెట్టాక రంగు నచ్చిందా అంటారు. అప్పుడు తల ఊపడం తప్ప ఏం మిగులుతుంది?

జనార్దన్ సార్ జవాబులు

జనార్దన్ సార్ చెడ్డవాడని నేను అనను. ఎవరన్నా చదువు మానేస్తే ఇంటికి వెళ్లి మాట్లాడి వెనక్కి తెచ్చే మనిషి. కానీ ఆయనకు ఉద్యోగం వచ్చిన పిల్లల ఫొటోలు ఫ్లెక్సీ మీద వేయడం ప్రాణం. ఫ్లెక్సీ నిండాలంటే ఏం చేయాలన్నదే ఆయన ఆలోచన. అందుకని ఆయన కొన్ని జవాబులు తయారు చేసి పిల్లలకు బట్టీ వేయించేవారు. ‘సేఫ్ ఆన్సర్లు’ అనేవారు.

“మేడమ్, మీరు గ్రామర్ చెప్పున్రి. ఇష్టాలు గిష్టాలు ఇంట్ల వెట్టి రమ్మనున్రి. ఏ షిఫ్ట్ గావాలని అడిగితే నో ప్రిఫరెన్స్, ఎనీ షిఫ్ట్ ఈజ్ ఓకే అనాలె. అయిపాయె.”

“నిజంగా రాత్రి షిఫ్ట్ ఇస్తే ఈ పిల్లలు చేయగలుగుతరా సార్?”

“ఇచ్చినప్పుడు సూద్దం. ముందు లోపటికి పోనియ్యిన్రి.”

“కంపెనీవాళ్లకు ఈ జవాబే నచ్చుతదని మీకెట్ల తెలుసు?”

“తజుర్బా మేడమ్,” అని నవ్వారు.

అనుభవం అట. అనుభవం అంటే ఎవరు ఎవరికి ఏం చెప్పుకుంటే వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇంటర్వ్యూలకు వచ్చే కంపెనీవాళ్లు ముందు రోజు ఆయనకు ఫోన్ చేసేవాళ్లు. ఆయన గది తలుపు వేసుకుని మాట్లాడేవారు. తలుపు వేసుకోవడం నేరం కాదు లెండి. నేను గమనించానని మాత్రం చెబుతున్నాను.

కల్పన

కల్పన క్లాసుకు వచ్చేసరికి ఆమె పని సగం రోజు నడిచి ఉండేది. తల్లి లేదు. తండ్రి మల్లేశన్నకు మోకాళ్ల నొప్పులు. తెల్లవారకముందే బర్రెలను పిండి, క్యాన్లు స్కూటీకి కట్టుకుని ఇంటింటికీ పోసి, స్నానం చేసి మా మెట్లెక్కేది. డిగ్రీలో మంచి మార్కులున్నాయి. ఇంగ్లీషు రాయడం బాగానే వచ్చు. నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే, ‘మీ ఇష్టం మేడమ్’.

“ఫ్యాను కింద కూర్చుంటవా, కిటికి పక్కననా?” అని అడిగాను మొదటి రోజు.

“యాడైనా ఫర్వాలేదు మేడమ్.”

“ఫర్వాలేదు అనే కుర్చీ మా క్లాసుల లేదు. ఫ్యానా, కిటికా?”

“మీ ఇష్టం మేడమ్.”

“నా ఇష్టమైన కుర్చీల నేను కూర్చున్న. నీది చెప్పు.”

నిలబడే ఉంది. మర్నాడూ అదే అడిగాను, ఆ మర్నాడూ. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. నాకు పట్టుదల, ఆమెకు మొండితనం. చివరికి ఒక రోజు కిందికి చూస్తూ, “ఐ వుడ్ రాదర్ సిట్ నియర్ ద డోర్,” అంది. నేను అడిగిన రెండిట్లో ఏదీ కాదు.

“తలుపు దగ్గరనా? ఎందుకు?”

“నా స్కూటీ కనవడ్తది మేడమ్. నిన్న క్యాను మూత ఎవడో ఎత్కపోయిండు.”

ఆ రోజు నుంచి ఆ కుర్చీ ఆమెది. మాట కూడా మెల్లగా వచ్చింది.

అప్పుడే నగరం అవతలి వైపున్న ఒక పెద్ద ఆస్పత్రి వాళ్లు ఫోన్ మీద అపాయింట్‌మెంట్లు ఇచ్చే పనికి అమ్మాయిలు కావాలన్నారు. ఇంటర్వ్యూలు మా దగ్గరే. మల్లేశన్న ఒప్పుకోలేదు. జనార్దన్ సారే వాళ్లింటికి వెళ్లి చాలాసేపు కూర్చుని ఒప్పించారు. ఇది ఆయన పక్షాన చెప్పాల్సిన మాట కాబట్టి చెబుతున్నాను. మల్లేశన్న పెట్టిన షరతు ఒక్కటే. ఈ ఒక్కసారి పోనిస్తాడు. రాకపోతే ఇంగ్లీషు లేదు, ఇన్‌స్టిట్యూట్ లేదు, పాల పనే.

అంటే ఆ పిల్లకు ఉన్నది ఒకే ఒక్క ఇంటర్వ్యూ. అదీ రాత్రి షిఫ్ట్ ఇస్తే వచ్చినా రానట్టే. రాత్రంతా పని చేసి వచ్చి తెల్లవారుజామున బర్రెల కింద కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది?

“పగలు డ్యూటీ కావాలని చెప్తే ఇస్తరా మేడమ్?” అని అడిగింది.

“ఇస్తరో లేదో నాకు తెల్వదు. చెప్పకపోతే మాత్రం తర్వాత అడిగే హక్కుండదు.”

“ఊకె పగలే గావాలంటే ఎట్ల? మనం గూడ ఏదన్న ఇడువాలె గద. పాలోళ్లకు ఆదివారం ఏడిది? ఆదివారాలు గూడ వస్త అని చెప్త.”

ఇది నా పుస్తకంలో లేదు, నేను నేర్పలేదు. బేరం తెలిసిన ఇంటి పిల్ల బేరం ఆడింది.

ఆ రోజు

ఇంటర్వ్యూకి ముందు రోజు జనార్దన్ సార్ నన్ను గదిలోకి పిలిచారు. “కల్పనకు మీరు నోరు నేర్పిన్రు మేడమ్. ఈసారికి పక్కకు వెడ్దమా?” అన్నారు. తండ్రిని ఒప్పించి తెచ్చింది మీరే కదా అని నేను గట్టిగానే అరిచాను. కింద గిన్నెల చప్పుడు ఆగింది, అంటే వాళ్లూ విన్నారు. సార్ చేతులెత్తేసి, సరే రమ్మనండి అన్నారు. ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఫోన్ వచ్చింది. ఎప్పటిలాగే తలుపు పడింది.

మర్నాడు ఆస్పత్రి నుంచి ఒకావిడ వచ్చింది. మా క్లాసు గదిలోనే కూర్చుంది, పక్కన జనార్దన్ సార్. నన్ను వెనక బెంచీలో ఉండనిచ్చారు. అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చారు. పేరు, చదువు, ఫోన్‌లో రోగితో మాట్లాడినట్టు నాలుగు మాటలు. అందులో తప్పులు దొర్లినా ఆవిడ పట్టించుకోలేదు. తర్వాత పెన్ను చేతిలోకి తీసుకునేది. అప్పుడు అడిగేది, ఏ షిఫ్ట్ ఇష్టం అని.

అందరూ సేఫ్ ఆన్సరే. నో ప్రిఫరెన్స్ మేడమ్, ఎనీ షిఫ్ట్ ఈజ్ ఓకే. నస్రీన్ కూడా అదే అంది, నా వైపు చూడకుండా.

కల్పన లోపలికి వచ్చింది. షిఫ్ట్ ప్రశ్న రాగానే వీపు నిటారుగా పెట్టి చెప్పింది. “ఐ ప్రిఫర్ ద డే షిఫ్ట్ టు ద నైట్ షిఫ్ట్. ఐ వుడ్ రాదర్ వర్క్ ఎవ్రీ సండే దాన్ వర్క్ ఎట్ నైట్.” నా ఒళ్లు పులకరించింది, దాచుకోను.

ఆవిడ తలెత్తి, “వెరీ గుడ్ ఇంగ్లీష్,” అంది. తర్వాత సార్ వైపు తిరిగి మెల్లగా, “మీరు చెప్పిన అమ్మాయి ఈమే కదా,” అంది. సార్ తలూపారు. ఆయన చూపు టేబుల్ మీదే ఉంది. ఆవిడ కల్పన కాగితాన్ని బోర్లించి పక్కన పెట్టింది.

ఆ మాట నేను విన్నాను. నా చెవులు బాగానే పనిచేస్తాయి.

సాయంత్రానికి అందరికీ వచ్చింది, కల్పనకు తప్ప.

వచ్చినవాళ్లు, రానివాళ్లు

రెండు రోజుల తర్వాత మల్లేశన్న మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఎక్కి, క్లాసు మధ్యలో వచ్చాడు.

“టీచరమ్మా, నా బిడ్డకు ఇంగ్లీషు చెప్పున్రంటే ఎదురు మాట్లాడుడు నేర్పిన్రా?”

“ఎదురు మాట్లాడలేదు మల్లేశన్నా. ఏది ఇష్టమని వాళ్లే అడిగిన్రు. చెప్పింది.”

“అడిగితే చెప్తరా?” అన్నాడు. “ఇంటికొచ్చినోన్ని అన్నం తింటవా అని అడుగుతం. ఆయన ఇప్పుడే తినొచ్చిన అంటడు. ఆకలైనా గట్లనే అంటడు. గది మర్యాద. అడుగుడు అడుగుడే, చెప్పుడు చెప్పుడే. మీకు గంత సదువుండి గిది తెల్వదా?”

అది తప్పు మాటే అనుకున్నాను గానీ, ఎక్కడ తప్పో చూపించలేకపోయాను. ఎందుకంటే ఆస్పత్రి ఆవిడ అడిగింది కూడా అలాంటి అడగడమే. కాకపోతే మల్లేశన్న ఇంట్లో వద్దన్నవాడికి కూడా రెండోసారి అడిగి అన్నం పెడతారు. అక్కడ రెండోసారి అడగరు.

“అందరికి వచ్చింది. నా బిడ్డకే రాలే. ఇగ సాలు,” అని దిగిపోయాడు. తలుపు దగ్గర కుర్చీ ఖాళీ అయింది. కల్పన ఫోన్ ఎత్తడం మానేసింది.

ఫ్లెక్సీ మీద మిగతా అమ్మాయిల ఫొటోలు ఎక్కాయి. నాకు అటు చూడబుద్ధి కాలేదు. కొన్ని వారాల తర్వాత నస్రీన్ వచ్చింది, కళ్ల కింద నలుపుతో.

“అందరికి రాత్రి డ్యూటీయే ఏసిన్రు మేడమ్. అందరికీ. వ్యాన్ మెయిన్ రోడ్డు మీద దింపుతది, గల్లీలకు రాదు. మా అబ్బా రోజు వచ్చి రోడ్డు మీద నిలవడుతడు. పగలు కుట్టు మిషన్ మీద కూసుంటే ఆయన కండ్లు మూతలు వడ్తున్నయ్. జల్‌పల్లి పిల్లయితే అప్పుడే మానేసింది. వాళ్ల కాలనీ దాక వ్యాన్ రాదంట.”

“మరి అడిగినప్పుడు చెప్పకపోతివి?”

“ఏదైనా ఓకే అన్న మేడమ్. వాళ్లు నమ్మిన్రు.”

తర్వాత అసలు సంగతి చెప్పింది. అక్కడ పగటి డ్యూటీలు లేక కాదు. పగలు పనిచేసే పాతవాళ్లు ఆదివారం వచ్చేది లేదంటున్నారు. సూపర్వైజర్ ప్రతి వారం తల పట్టుకుంటోంది.

“నేను చెప్పిన మేడమ్. ఆదివారాలు వస్త అన్న పిల్ల ఒకతి ఉండె, మీరే వాపస్ పంపిన్రు అని. ఎవరు పంపిన్రని అడిగింది. నాకేం తెల్సు అన్న. రమ్మను అన్నది. పగలు డ్యూటీ, ఆదివారం తప్పదు. కల్పన ఫోన్ ఎత్తుతలేదు, ఏం చెయ్యాలె?”

నా పాఠం కాదు, జనార్దన్ సార్ తజుర్బా కాదు. ఆ ఉద్యోగం తెచ్చింది నస్రీన్. తనకోసం విప్పని నోరు స్నేహితురాలి కోసం విప్పింది. సభలో ఈ పేరు ఒక్కసారి కూడా వినపడలేదు.

మల్లేశన్న వాకిట్లో

ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. సన్న గల్లీ, లోపల మాత్రం పెద్ద వాకిలి. బర్రెలు నెమరేస్తున్నాయి. కల్పన క్యాన్లు కడుగుతోంది. మమ్మల్ని చూసి ఆగి, మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

“మల్ల ఏంది టీచరమ్మా?” అన్నాడు మల్లేశన్న కుర్చీలోంచి. అన్నాడే గానీ, మాకు కుర్చీలు వేయించాడు, చాయ్ తెమ్మన్నాడు.

విషయం చెప్పాను. వింటూ వింటూ తల అడ్డంగా ఊపాడు. “వద్దు. మల్ల గదే లొల్లి.”

“మీరు వద్దన్నరు, బాగానే ఉంది. ఆమెను ఒక్కసారి అడుగున్రి.”

నన్ను చూసి, విసుగ్గా కూతురి వైపు తిరిగాడు. “ఏమే, పోతవా?” అన్నాడు. భోజనం చేసి వచ్చిన చుట్టాన్ని తింటావా అని అడిగినట్టే అడిగాడు. ఏ జవాబు రావాలో ఆ గొంతులోనే ఉంది.

“పోత బాపు.”

క్యాను కింద పెట్టింది. ఈసారి ఇంగ్లీషు లేదు, నేర్చుకున్న వాక్యం లేదు.

“పొద్దుగాల పిండుడు నేనే పిండుత. నీకు మోకాళ్లు నొస్తయ్, నువ్వు వంగకు. ఇండ్లకు పోసుడు మాత్రం బందు చేద్దం. హోటలాయన ఈడికే వచ్చి తీస్కపోత అన్నడు గద.”

“ఆడు బేరం చేస్తడే.”

“చెయ్యనియ్యి. గేటు గేటుకు నిలవడి, పాలల్ల నీళ్లు కలిపినవా అని అడిగిచ్చుకునుడు కన్న గదే నయం. నాకు గాడ కూసోని ఫోన్ మాట్లాడుడే ఇష్టం బాపు.”

మల్లేశన్న కుర్చీలో ముందుకు జరిగాడు. “నిన్ను గట్ల అడుగుతున్నరా? గిన్నొద్దులు చెప్పకపోతివేందే?”

“ఇయ్యాలనే అడిగినవ్ గద.”

ఆయన బర్రెల వైపు తిరిగి కూర్చున్నాడు. ఎవరితోనూ కాకుండా అన్నాడు, “మరి ఐతారం ఇది డ్యూటీకి పోతే కూర ఎవరు వండాలె?”

“మీరే నేర్చుకోన్రి చాచా,” అంది నస్రీన్. “పక్కింటోళ్ల కన్నా మంచిగ వండాలె చూడున్రి.”

మల్లేశన్న నవ్వాడు. కల్పన కూడా. అంతే, ఒప్పుకున్నట్టే. ఆమె ఇప్పటికీ ఆ ఉద్యోగం చేస్తోంది, ఆదివారాలతో సహా. నస్రీన్ అక్కడ మానేసి మా గల్లీల దగ్గరే ఒక బడిలో ఉద్యోగానికి చేరింది. చేరేటప్పుడు ఏ టైమింగ్ కావాలో ముందే చెప్పి చేరానంది.

ఈ పాఠం చెప్పబోయేవాళ్లకు రెండే మాటలు. ఇష్టం చెప్పించేటప్పుడు దానికోసం ఏది వదులుకుంటారో కూడా చెప్పించండి. అప్పుడే అది గాలిలో మాట కాకుండా ఉంటుంది. రెండోది, మీ పిల్లలను ఇష్టం అడిగేవాళ్ల చేతిలో పెన్ను ఉంటే, ఆ పెన్ను ఏం రాస్తోందో కనిపెట్టి ఉండండి. ఆ ఆస్పత్రివాళ్లకు కావలసింది రాత్రి మనుషులని ముందే తెలుసు. రాత్రి డ్యూటీ, వస్తారా అని అడగొచ్చు. అలా అడిగితే వ్యాన్ ఎక్కడిదాకా వస్తుందని పిల్లలు కూడా అడిగేవాళ్లు. ఇష్టమేదని అడిగారు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

మెట్ల మీద

సభ అయ్యాక కిందికి దిగుతుంటే గోడ మీద కొత్త ఫ్లెక్సీ కనిపించింది. పైన కల్పన ఫొటో, పెద్దగా. నస్రీన్ ఫొటో లేదు. జనార్దన్ సార్ నా వెనకే వస్తున్నారు. మెట్ల మధ్యలో ఆగి అడిగాను.

“సార్, ఆ రోజు ఆస్పత్రి ఆమె మీతోని, మీరు చెప్పిన అమ్మాయి ఈమే కదా అన్నది. నేను విన్న. మీరు ముందు రోజు ఫోన్ల ఏం చెప్పిన్రు?”

“ఎప్పటి ముచ్చట మేడమ్ అది. ఫంక్షన్ మంచిగైంది, గిప్పుడెందుకు?” అన్నారు. భుజం మీది నుంచి జారుతున్న నా శాలువా సర్దమన్నట్టు సైగ చేసి, “చాయ్ తాగుతరా, కాఫీనా?” అన్నారు.

ఆయనకు అన్యాయం చేయకూడదని చాలాసార్లు ఆలోచించాను. మంచి ఇంగ్లీషు మాట్లాడే పిల్ల ఉంది, చూడండి అని చెప్పి ఉండవచ్చు. తండ్రిని ఒప్పించిన మనిషి ఆ మాట అనడనీ అనలేం. నోరున్న పిల్ల, మిగతావాళ్లు దేనికైనా సరే అంటారు అని చెప్పి ఉండవచ్చు. పక్కకు పెడదామన్న మనిషి ఈ మాట అనడనీ అనలేం. మొదటిదే అయితే చెప్పడానికి ఇంత ఇబ్బంది దేనికి? అది కూడా సభలో మైకులో చెప్పుకునే మాటే కదా.

చాయ్ అన్నాను. అడిగిన వెంటనే, మొహమాటం లేకుండా. చాయ్ వచ్చింది, తాగాను. నా వంతు జవాబు నేను ఇచ్చాను. ఇది అచ్చయితే మొదట చదివేది మీరేనని నాకు తెలుసు సార్, అందుకే ఇక్కడ మళ్లీ అడుగుతున్నాను. కల్పన ఆ గదిలోకి రాకముందే, ఆమె గురించి మీరు ఆవిడకు ఏం చెప్పారు?